డీ3 చార్టులకు సొంత స్నిప్పెట్లు: ఏవి దాచుకోవాలి, డాలర్ గుర్తు ఎక్కడ దెబ్బతీస్తుంది

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతవరకు విషయం ఇది. మీరు కొన్ని నెలలుగా జావాస్క్రిప్ట్‌లో డీ3 లైబ్రరీతో చార్టులు గీస్తున్నారు. ప్రతి కొత్త చార్టుకూ మార్జిన్లు, స్కేళ్ళు (డేటా విలువలను తెరమీది దూరాలుగా మార్చేవి), అక్షాలు మళ్ళీ మొదటినుంచి టైపు చేయవలసి రావడం, లేదా పాత ఫైలు తెరిచి అందులోంచి ముక్కలు ఏరుకోవడం విసుగనిపించి, వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో స్నిప్పెట్ల (చిన్న మాట టైపు చేస్తే విప్పుకునే సిద్ధ కోడ్ ముక్కల) ప్యాక్ ఒకటి వేసుకున్నారు. కానీ అది ఇచ్చిన కోడ్ సగం నడవలేదు. ఇప్పుడు సొంతంగా స్నిప్పెట్లు ఎలా రాసుకోవాలి, ఏమేమి రాసుకోవాలి, ఆఫీసులో సబ్లైమ్ టెక్స్ట్ అనే మరో ఎడిటర్ వాడేవారితో వాటిని పంచుకోవచ్చా అని అడుగుతున్నారు. నా స్నిప్పెట్ ఫైలును ఇక్కడ అతికించడం లేదు. అది నా పేర్లతో, నా అలవాట్లతో అల్లుకున్న ఫైలు కనుక మీ చేతిలో ఆ ప్యాక్ లాగానే మొరాయిస్తుంది. దానిని ఏ లెక్కన రాశానో చెబితే మీకు ఎక్కువ ఉపయోగం.

ముందుగా ఆ ప్యాక్ ఎందుకు నడవలేదో చూద్దాం. మైక్ బోస్టాక్, జెఫ్రీ హీర్, వాదిమ్ ఒగియెవెత్‌స్కీ కలిసి డీ3ని 2011లో బయటపెట్టారు. అప్పటినుంచి లైబ్రరీ మూల ఆలోచన మారలేదు గానీ పేర్లు, పిలిచే పద్ధతులు చాలాసార్లు మారాయి. 2016లో వచ్చిన నాలుగో వెర్షన్ లైబ్రరీని చిన్న చిన్న మాడ్యూళ్ళుగా విడదీసి, అంతవరకు ‘స్కేల్’, ‘లీనియర్’ అని మధ్యలో చుక్కతో రాసిన పేరును ‘స్కేల్‌లీనియర్’ అనే ఒకే పేరుగా మార్చింది. అక్షాన్ని కిందికో ఎడమకో తిప్పే ‘ఓరియంట్’ పోయి, ‘యాక్సిస్‌బాటమ్’, ‘యాక్సిస్‌లెఫ్ట్’ అనే విడి ఫంక్షన్లు వచ్చాయి. 2018లోని ఐదో వెర్షన్‌తో సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక ఫైలు) చదివే ఫంక్షన్, పని ముగిశాక పిలవడానికి మనం ఇచ్చే కాల్‌బ్యాక్‌ను వదిలి, ఫలితం తర్వాత అందుతుందని చెప్పే ప్రామిస్‌ను తిరిగి ఇవ్వడం మొదలుపెట్టింది. 2020లోని ఆరో వెర్షన్ గ్లోబల్ ‘ఈవెంట్’ను తీసివేసి, ఈవెంట్‌ను (మౌస్ క్లిక్ వంటి ఘటనను) దానికి స్పందించే ఫంక్షన్ అయిన లిజనర్‌కు మొదటి ఆర్గ్యుమెంట్‌గా, డేటాను రెండోదిగా అందించసాగింది. ‘మౌస్’ స్థానంలో ‘పాయింటర్’, ‘నెస్ట్’ స్థానంలో ‘గ్రూప్’ కూడా అప్పుడే స్థిరపడ్డాయి. ఎవరో ఒకనాడు ఇష్టంతో రాసి తర్వాత తాకకుండా వదిలేసిన ప్యాక్‌లో ఈ కాలాలన్నీ పక్కపక్కనే ఉంటాయి. స్కేల్ పేరు మధ్యలో చుక్క కనిపిస్తే ఆ స్నిప్పెట్ 2016కు ముందుదని అనుకోవచ్చు. ఏఐ సహాయకాల సూచనల్లోనూ ఈ కలగాపులగం నాకు తరచు ఎదురవుతుంది. నేనే రాసుకున్న స్నిప్పెట్ మాత్రం నిన్న ఇచ్చిందే ఇవాళా ఇస్తుంది.

వెర్షన్ల కంటే కూడా మనుషులను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది మరొకటి ఉంది. మార్జిన్లు పెట్టే పద్ధతులు రెండు. పాత పద్ధతిలో మొత్తం వెడల్పులోంచి ఎడమ, కుడి మార్జిన్లను తీసివేసి లోపలి వెడల్పు కనుక్కుని, ఎస్‌వీజీ (బ్రౌజర్‌లో చార్టు గీసే బొమ్మ చట్రం) లోపల ఒక గ్రూపును మార్జిన్ మేరకు జరిపి, ఆ తర్వాత సున్నానుంచి లోపలి వెడల్పు దాకా స్కేల్ రేంజ్ (తెరమీది హద్దులు) ఇస్తాము. ఇప్పటి అధికారిక డాక్యుమెంటేషన్‌లోని తొలి ఉదాహరణ అలా చేయదు. గ్రూపును జరపకుండా, ఎడమ మార్జిన్‌నుంచి మొత్తం వెడల్పులో కుడి మార్జిన్ తగ్గించిన చోటు దాకా రేంజ్ ఇస్తుంది. రెండూ మంచివే, కానీ ఒకదానినుంచి గ్రూపును, మరొకదానినుంచి స్కేల్‌ను తెచ్చి కలిపితే చార్టు రెండుసార్లు జరిగి, కుడి చివర బార్లు చట్రం దాటి మాయమవుతాయి. మీ పాత ఫైళ్ళలోంచి ముక్కలు ఏరుకున్నప్పుడు కారణం తెలియకుండా చార్టు పక్కకు ఒరిగిన సందర్భాలు ఉంటే, బహుశా ఇదే కారణం.

అందువల్ల స్నిప్పెట్లు రాయడానికి కూర్చునే ముందు ఒక తెల్ల కాగితం మీద పేర్లు నిర్ణయించుకోండి. డేటా ఉండే వేరియబుల్ పేరేమిటి, అడ్డ స్కేల్ పేరేమిటి, నిలువు స్కేల్ పేరేమిటి, వెడల్పు అంటే మొత్తం వెడల్పా లోపలి వెడల్పా, మార్జిన్లు ఒకే ఆబ్జెక్టులో ఉంటాయా నాలుగు విడి వేరియబుళ్ళా అన్నది ఒక్కసారి తేల్చుకుంటే, ఇక ప్రతి స్నిప్పెట్ ఆ పేర్లనే వాడుతుంది. స్కేల్ స్నిప్పెట్ ఇచ్చిన పేరును అక్షం స్నిప్పెట్ అందుకోవాలి, అక్షం స్నిప్పెట్ నమ్ముకున్న ఎత్తును చట్రం స్నిప్పెట్ ఇచ్చి ఉండాలి. ఇలా ఒకదానికొకటి అతకని స్నిప్పెట్లు యాభై ఉన్నా, ప్రతిసారీ దిద్దుకోవడానికే సమయం సరిపోతుంది. నా దగ్గర ఇన్నేళ్ళ తర్వాతా ఉన్నవి తొమ్మిదే.

ఇక రాసే విధానం. వీఎస్ కోడ్‌లో కమాండ్ ప్యాలెట్ తెరిచి ‘కాన్ఫిగర్ స్నిప్పెట్స్’ అని వెతికి, జావాస్క్రిప్ట్ ఎంచుకుంటే ఒక జేసన్ ఫైలు (పేర్లు, విలువలు జతలుగా రాసే టెక్స్ట్ ఫైలు) తెరుచుకుంటుంది. ప్రతి స్నిప్పెట్‌కూ ఒక పేరు, మీరు టైపు చేసే ప్రిఫిక్స్, కోడ్ ఉండే ‘బాడీ’, చిన్న వివరణ ఉంటాయి. బాడీని వరుసకొక స్ట్రింగ్ చొప్పున అర్రేగా రాయాలి. డబుల్ కోట్లు జేసన్‌వి కనుక, మీ జావాస్క్రిప్ట్ కోడ్‌లో సింగిల్ కోట్లు వాడుకుంటే ప్రతిచోటా బ్యాక్‌స్లాష్ పెట్టే బాధ తప్పుతుంది. ఇండెంటేషన్‌కు ఖాళీలు కొట్టకుండా ట్యాబ్ గుర్తు రాస్తే, మీ ఎడిటర్ సెట్టింగును బట్టి అదే రెండు ఖాళీలో నాలుగు ఖాళీలో అవుతుంది.

డాలర్ గుర్తు పక్కన అంకె రాస్తే అది ట్యాబ్ స్టాప్. స్నిప్పెట్ విప్పుకోగానే కర్సర్ ఒకటో చోట ఆగుతుంది, ట్యాబ్ నొక్కితే రెండో చోటికి వెళుతుంది, సున్నా ఉన్నచోట చివరికి నిలుస్తుంది. ఒకే అంకెను పలుచోట్ల రాస్తే ఒకచోట టైపు చేసినది అన్నిచోట్లా పడుతుంది. చార్టుల పనిలో దీనంత విలువైనది మరొకటి లేదు. ఎందుకంటే ‘వర్షపాతం’ అనే కాలమ్ పేరు స్కేల్ డొమైన్‌లో (డేటా హద్దుల్లో) ఒకసారి, బార్ ఎత్తులో ఒకసారి, అక్షం శీర్షికలో ఒకసారి వస్తుంది. వాటిలో ఒక్కచోట అక్షరం తప్పినా జావాస్క్రిప్ట్ ఏ ఎర్రరూ చూపకుండా విలువ లేదని ఊరుకుంటుంది, చార్టు ఖాళీగా వస్తుంది. నిలువు గీతల మధ్య కామాలతో కొన్ని ఎంపికలు రాస్తే అక్కడ చిన్న జాబితా తెరుచుకుంటుంది. లీనియర్, లాగ్, వర్గమూలం స్కేళ్ళలో ఏది కావాలో నేను అలాగే ఎంచుకుంటాను. ట్యాబ్ స్టాపులు ఎక్కడ పెట్టాలన్నది సౌకర్యానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. నేను నిర్ణయం తీసుకోవలసిన చోట కర్సర్ ఆగాలి, నిర్ణయం అక్కరలేని చోట ఆగకూడదు. పది చోట్ల ఆగే స్నిప్పెట్‌ను రెండో రోజుకే ఎస్కేప్ కొట్టి వదిలేస్తారు.

మీరు తప్పకుండా పడబోయే గుంత ఒకటి ఉంది కనుక దాని గురించి కాస్త వివరంగా చెబుతాను. డీ3 కోడ్‌లో గ్రూపును జరిపేటప్పుడు బ్యాక్‌టిక్‌ల మధ్య టెంప్లేట్ స్ట్రింగ్ రాస్తాము, అందులో విలువ చేరవలసిన చోట డాలర్ గుర్తూ కర్లీ బ్రాకెట్లూ వస్తాయి. స్నిప్పెట్ భాషలోనూ అవే గుర్తులకు వేరే అర్థం ఉంది. మీరు కర్లీ బ్రాకెట్లలో ‘హైట్’ అని రాస్తే, ఎడిటర్ దానిని తనకు తెలియని స్నిప్పెట్ వేరియబుల్‌గా భావించి, డాలర్‌నూ బ్రాకెట్లనూ మింగేసి, ‘హైట్’ అన్న మాటను మాత్రం ప్లేస్‌హోల్డర్‌గా వదులుతుంది. అప్పుడు బ్రౌజర్‌కు సంఖ్యకు బదులు ఆ ఇంగ్లీషు మాటే చేరుతుంది. ట్రాన్స్‌ఫామ్ చెల్లక, కింద ఉండవలసిన అక్షం చార్టు నెత్తిమీద కూర్చుంటుంది. కన్సోల్‌లో ‘సంఖ్య ఉండవలసింది’ అనే అర్థంలో ఎర్ర వరుస ఒకటి వస్తుంది గానీ, చార్టు మిగతాదంతా బాగానే కనిపిస్తుంది కనుక చాలామంది దానిని చూడరు. ఇంకో చిక్కు ఏమిటంటే, బ్రాకెట్లలో ఒంటి పేరు కాకుండా మధ్యలో చుక్కో తీసివేత గుర్తో ఉన్న మాట ఉంటే ఎడిటర్ దానిని వేరియబుల్‌గా పోల్చుకోలేక అలాగే వదిలేస్తుంది. దాంతో ఒక స్నిప్పెట్ సరిగా పనిచేసి మరొకటి చేయకపోవడం చూసి, తప్పు డీ3లో ఉందేమోనని నేను ఒక మధ్యాహ్నమంతా వెతికాను. పరిష్కారం చిన్నదే. టెంప్లేట్ స్ట్రింగ్‌లోని ప్రతి డాలర్ ముందు బ్యాక్‌స్లాష్ ఉండాలి, అది జేసన్ ఫైలు కనుక ఆ బ్యాక్‌స్లాష్‌ను రెండుసార్లు రాయాలి. నేను ముందు మామూలు ఫైలులో కోడ్ రాసి, నడిపి చూసి, డాలర్లన్నిటినీ ఒకేసారి మార్చి, ఆ తర్వాతే ట్యాబ్ స్టాపులు చేరుస్తాను. వరుస తిరగబడితే ట్యాబ్ స్టాపుల డాలర్లకూ బ్యాక్‌స్లాష్ తగులుకుంటుంది.

నా స్నిప్పెట్లలో మొదటిది చట్రం. అందులో వెడల్పు, ఎత్తు, మార్జిన్లు, వ్యూబాక్స్‌తో (గీసే ప్రాంతపు కొలతలతో) ఎస్‌వీజీ ఉంటాయి. కర్సర్ ఆగేది వెడల్పు, ఎత్తు, ఎడమ మార్జిన్ దగ్గరే. ఎడమ మార్జిన్‌ను విడిగా ఎందుకు అడుగుతానంటే, ఇంగ్లీషు ఉదాహరణల్లో కనిపించే 40 పిక్సెళ్ళు అంకెలకు సరిపోతాయి గానీ, నిలువు అక్షం మీద ‘జయశంకర్ భూపాలపల్లి’ అని రాయవలసి వస్తే 150 దాకా కావాలి.

రెండోది డేటా చదివే స్నిప్పెట్. సీఎస్‌వీలోని విలువలన్నీ స్ట్రింగులుగానే వస్తాయి. వాటిని తనంతట తానే సంఖ్యలుగా, తేదీలుగా మార్చే ‘ఆటోటైప్’ ఉంది. తొందరలో అది హాయిగానే ఉంటుంది, కానీ నా స్నిప్పెట్‌లో దానిని పెట్టలేదు. సున్నాతో మొదలయ్యే కోడ్ ఉంటే అది ముందరి సున్నాలను పోగొడుతుంది. సంవత్సరం, నెల, రోజు మాత్రమే ఉన్న తేదీని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రిగా తీసుకుంటుంది. హైదరాబాదులో కూర్చుని చూస్తే అది అదే రోజు ఉదయం 5:30 కనుక తేడా తెలియదు. అదే పేజీని డల్లాస్‌లో ఉన్న మీ అన్నయ్య తెరిస్తే జూన్ 1 నాటి విలువ మే 31 సాయంత్రానికి వెళుతుంది. అందుకే నా స్నిప్పెట్ ప్రతి కాలమ్‌నూ పేరు పెట్టి మార్చమంటుంది, తేదీలకు మొదటినుంచి చివరిదాకా యూటీసీ పార్సర్‌నూ యూటీసీ స్కేల్‌నూ వాడుతుంది.

స్కేళ్ళకు రెండు స్నిప్పెట్లు ఉన్నాయి, ఒకటి బార్ చార్టుకు, ఒకటి లైన్ చార్టుకు. వీటిని ఒకటి చేయమని సహోద్యోగి ఒకరు సలహా ఇచ్చారు, నేను ఒప్పుకోలేదు. బార్ చార్టులో నిలువు స్కేల్ సున్నానుంచి మొదలు కావాలి, ఎందుకంటే చదివేవారు పోల్చేది బార్ పొడవులను. అందువల్ల ఆ స్నిప్పెట్‌లో సున్నా దగ్గర ట్యాబ్ స్టాప్ లేదు. లైన్ చార్టులో డేటాలోని కనిష్ఠ, గరిష్ఠాలను ఇచ్చే ‘ఎక్స్‌టెంట్’ సాధారణంగా సరిపోతుంది. అదే ఎక్స్‌టెంట్‌ను బార్ చార్టులో వాడితే అతి చిన్న బార్ ఎత్తు సున్నా అయి ఆ జిల్లా చార్టులోనే కనిపించకుండా పోతుంది.

అక్షం స్నిప్పెట్‌లో తెలుగువారికి మాత్రమే అవసరమైన రెండు వరుసలు ఉంటాయి. డీ3 అక్షాన్ని గీసేటప్పుడు ఆ గ్రూపు మీద 10 అనే అక్షర పరిమాణాన్నీ సాన్స్ సెరిఫ్ ఫాంట్‌నూ తానే పెడుతుంది. మీరు ఎస్‌వీజీకో పేజీకో తెలుగు ఫాంట్ ఇచ్చినా లోపలి గ్రూపు మీదున్నదే చెల్లుతుంది. 10 పిక్సెళ్ళలో ఇంగ్లీషు అంకెలు చదవగలం గానీ, ‘రాష్ట్రం’ లాంటి మాటలోని ఒత్తులు ఒకదానిమీదొకటి పడి మచ్చలా కనిపిస్తాయి. అందుకని అక్షాన్ని పిలిచిన వెంటనే అదే గ్రూపుకు 14 పరిమాణమూ నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంటూ స్టైల్‌గా ఇస్తాను. పొడవైన పేర్లను మొదటి పది అక్షరాలకు కత్తిరించే కోడ్ ఎక్కడైనా దొరికితే దానిని మాత్రం తెచ్చుకోవద్దు. అది లెక్కపెట్టేది అక్షరాలను కాదు, యూనికోడ్ సంకేతాలను. గుణింతాన్నీ ఒత్తునూ మధ్యలో కోసి, చివర పొల్లు వేలాడేలా చేస్తుంది. పేర్లు పొడవైతే బార్లను అడ్డంగా గీయడమే మేలు.

డేటాను ఆకారాలకు జతచేసే ‘జాయిన్’ స్నిప్పెట్‌లో కీ ఫంక్షన్‌ను (ప్రతి విలువ ఎవరిదో పేరుతో గుర్తించేదానిని) తప్పనిసరిగా ఉంచుతాను. కీ లేకపోతే డీ3 వరుస సంఖ్యను బట్టి జతచేస్తుంది కనుక, డేటాను సార్ట్ చేసి మళ్ళీ గీసినప్పుడు ఖమ్మం బార్ నల్లగొండ విలువను మోస్తూ కదులుతుంది. యానిమేషన్ అందంగానే ఉంటుంది గానీ చెప్పేది అబద్ధం. టూల్‌టిప్ (మౌస్ పెట్టినప్పుడు విలువ చూపే చిన్న పెట్టె) స్నిప్పెట్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు, ఆర్గ్యుమెంట్లలో ఈవెంట్ ముందు, డేటా తర్వాత ఉందని చూసుకుంటే చాలు.

మ్యాపులకు ఉన్నది చిన్న స్నిప్పెట్, కానీ తరచు నన్ను కాపాడినది అదే. ప్రొజెక్షన్‌కు (గుండ్రటి భూమిని చదునుగా పరిచే లెక్కకు) స్కేల్ అంకెలను ఊహించకుండా ‘ఫిట్‌సైజ్’తో మ్యాపును చట్రంలో ఇమిడ్చే వరుస ఒకటి, మ్యాపులో ఉండి డేటాలో లేని పేర్లను, డేటాలో ఉండి మ్యాపులో లేని పేర్లను కన్సోల్‌లో రాసే రెండు వరుసలు. తెలంగాణ ఏర్పడినప్పుడు 10 జిల్లాలు. అవి 2016 అక్టోబరులో 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. ఇంటర్నెట్‌లో దొరికే మ్యాపు ఫైలు వీటిలో ఏ కాలానిదైనా కావచ్చు, పైగా రంగారెడ్డిని ఇంగ్లీషులో ఒకరు కలిపి, ఒకరు విడదీసి రాస్తారు. జతకాని జిల్లా బూడిద రంగులో మిగిలిపోతే చదివేవారు అక్కడ విలువ లేదనుకుంటారు. మ్యాపు బదులు చతురస్రమంతా ఒకే రంగు నిండిపోతే మాత్రం తప్పు పేర్లలో లేదు. మ్యాపు ఫైళ్ళ రూపమైన జియోజేసన్ ప్రమాణం బహుభుజి బయటి అంచును అపసవ్య దిశలో రాయమంటుంది, డీ3 సవ్య దిశలో ఉండాలనుకుంటుంది. దిశ తిరగబడితే ఆ జిల్లా తప్ప మిగిలిన భూగోళమంతా జిల్లా అని డీ3 అర్థం చేసుకుంటుంది.

స్నిప్పెట్ చేయకూడనివి కూడా ఉన్నాయి. డీ3 ఇచ్చే మామూలు ఫార్మాట్ 1,234,567 అని మూడేసి అంకెలకు కామా పెడుతుంది. మనకు 12,34,567 అని కావాలి. ‘ఫార్మాట్‌డిఫాల్ట్‌లొకేల్’కు 3, 2, 2, 2 అనే వరుసలో గ్రూపింగ్ ఇస్తే అక్షాల మీది అంకెలతో సహా అన్నీ మారతాయి. కానీ లక్ష, కోటి అని చూపాలంటే డీ3లో మార్గం లేదు, దాని సంక్షిప్త రూపం వేలు, మిలియన్ల వంటి మెట్లనే ఎరుగును. కనుక కోటితో భాగించి పక్కన ‘కోట్లు’ అని చేర్చే చిన్న ఫంక్షన్ రాసుకోవాలి. మొదట్లో ఆ ఫంక్షన్‌నూ నేను స్నిప్పెట్‌గానే ఉంచాను. రుణాత్మక సంఖ్యలకు అది తప్పు చూపుతోందని తెలిసేసరికి పద్నాలుగు ఫైళ్ళలో పద్నాలుగు నకళ్ళు ఉన్నాయి. స్నిప్పెట్‌ను దిద్దితే ఆ నకళ్ళు దిద్దుకోవు. అప్పటినుంచి, ఒక తప్పు బయటపడితే పాత చార్టులన్నిటిలోనూ దిద్దవలసి వచ్చే కోడ్ ఏదైనా మాడ్యూల్‌లో ఫంక్షన్‌గా ఉంచి, స్నిప్పెట్‌లో దానిని ఇంపోర్ట్ చేసే ఒక్క వరుసనే ఉంచుతున్నాను. పూర్తి బార్ చార్టును ఒకే స్నిప్పెట్‌గా చేయడం కూడా నాకు నచ్చదు. ఎనభై వరుసలు ఒక్కసారిగా పడ్డాక, అందులో అక్కరలేనివి తీసేయడానికే ఎక్కువసేపు పడుతుంది.

సెట్టింగుల్లో రెండింటిని మార్చుకోండి. ‘ట్యాబ్ కంప్లీషన్’ను స్నిప్పెట్లకు మాత్రమే అని పెడితే ప్రిఫిక్స్ టైపు చేసి ట్యాబ్ నొక్కగానే విప్పుకుంటుంది. ‘స్నిప్పెట్ సజెషన్స్’ను ‘టాప్’ అని పెడితే మీ స్నిప్పెట్లు సూచనల జాబితాలో పైన ఉంటాయి. ప్రిఫిక్స్‌లన్నిటినీ మామూలు కోడ్‌లో రాని రెండక్షరాలతో మొదలుపెట్టండి. మీ టీమ్ రియాక్ట్ (వెబ్ పేజీలు కట్టే లైబ్రరీ) వాడుతుంటే, జావాస్క్రిప్ట్ ఫైలులో రాసుకున్న స్నిప్పెట్లు దాని జేఎస్‌ఎక్స్ ఫైళ్ళలో కనిపించవు, ఎడిటర్ దృష్టిలో అది వేరే భాష. ప్రాజెక్టులోని వీఎస్ కోడ్ ఫోల్డరులో ‘కోడ్-స్నిప్పెట్స్’ ఎక్స్‌టెన్షన్‌తో ఫైలు పెట్టి, ప్రతి స్నిప్పెట్‌కూ ‘స్కోప్’లో రెండు భాషల పేర్లూ రాస్తే ఆ చిక్కు తీరుతుంది, కోడ్ పంచుకునే గిట్ ద్వారా అందరికీ ఒకే ఫైలు చేరుతుంది.

సబ్లైమ్ టెక్స్ట్ వాడేవారికి ఈ ఫైలు నేరుగా పనిచేయదు. అక్కడ స్నిప్పెట్‌కొక ఎక్స్‌ఎంఎల్ ఫైలు ఉండాలి. ట్యాబ్ స్టాపుల రాత రెండింటిదీ టెక్స్ట్‌మేట్ ఎడిటర్ ఒరవడే కనుక బాడీని దాదాపు అలాగే దించుకోవచ్చు. ఎంపికల జాబితా సబ్లైమ్‌లో లేదు, ఆ చోట ఒకే విలువను ప్లేస్‌హోల్డర్‌గా ఉంచండి. కోడ్ అక్కడ సీడేటా (ఉన్నదున్నట్టు ఉంచే) విభాగంలో ఉంటుంది కనుక వరుసల చుట్టూ కోట్లు, కామాలు తీసేయాలి, డాలర్ ముందున్న రెండు బ్యాక్‌స్లాష్‌లను ఒకటి చేయాలి.